నేను కొట్టేసిన మాట

ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పిన చెయ్యి ఊరికే ఉండదు. రిటైరయ్యాక కూడా శుభలేఖల్లో, గుడి బోర్డుల మీద, ఆఖరికి మా అపార్టుమెంటు లిఫ్టులో అంటించిన నీళ్ళ ట్యాంకరు నోటీసులో కూడా తప్పులు దిద్దేదాన్ని. నోటీసు దిద్దినందుకు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో నా మీద చర్చ కూడా నడిచింది. నేను లెక్కచేయలేదు.

మాది తెనాలి వైపు. పెళ్ళయ్యాక దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, ఇక్కడే రిటైరయ్యాను. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నా మా ఇంట్లో మాట, మా చుట్టాల మాట, నేను చదివే పత్రిక మాట అన్నీ ఒక్క తీరుగానే ఉండేవి. క్లాసులో పిల్లలెవరైనా "ఇంటికి పోతున్న టీచర్" అంటే, "వెళ్తున్నాను" అని అనిపించి గాని గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. ఆ పట్టుదల గురించి నాకు లోపల్లోపల చాలా గర్వంగా ఉండేది. ఇప్పుడు చెప్పబోయేది ఆ గర్వం ఎలా దిగిందన్న సంగతే.

మా కింది అంతస్తులో ఒక లాయరు గారుంటారు. నల్గొండ వైపు మనిషి, ఎల్బీనగర్ కోర్టులో ప్రాక్టీసు. రాష్ట్రంలో భూముల చట్టం మారిన రోజుల్లో ఆయన ప్రతి ఆదివారం మా పార్కింగులో ఒక టేబులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు కొత్త చట్టం కింద దరఖాస్తులు రాసిపెట్టేవారు. కార్లు బయటికి తీసేవాళ్ళు ఆయన్నీ ఆ జనాన్నీ తప్పించుకుంటూ, విసుక్కుంటూ వెళ్ళేవారు.

నాకు చట్టాల మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు. ఒక ఆదివారం కూరగాయల సంచీతో అటుగా వస్తూ ఆగి, "చట్టం మారితే ఏం మారుతుందండీ, ఫారం రంగు తప్ప?" అన్నాను.

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "అట్ల కాదు మేడం. మొన్నటిదాంక మండలాఫీసుల ఒక్కపారి తప్పు పడ్డదనుకోండ్రి, పై ఆఫీసరుకు చెప్పుకునే దారే లేకుండె. సీదా సివిల్ కోర్టుకు రావాలె. నాయన ఏసిన కేసుకు కొడుకులు తిరుగుతున్నరు, నేను దినాం చూస్తున్న. ఇప్పుడు అప్పీలు పెట్టిన్రు. తప్పు అయితే అడగనీకి ఇంకో మెట్టు ఉన్నది. గిది చిన్న సంగతా?"

ఆయన అంత గట్టిగా నమ్మడం నాకు నచ్చింది. టేబులు మీద ఆయన రాసిన దరఖాస్తు ఒకటి కనపడింది. వాక్యం మొదలైన చోటు నుంచి చుక్క పడేలోపు ఐదు తప్పులు. చెయ్యి ఆగలేదు. కూరగాయల సంచీ కుర్చీకి తగిలించి, కూర్చుని దిద్దాను. ఆయన నవ్వి, "మీ దస్తూరి ముద్దుగున్నది మేడం. ఆదివారాలు జర వచ్చి కూసోరాదు?" అన్నారు. అలా ఆ టేబులు దగ్గర నాకో కుర్చీ దొరికింది. రిటైరయ్యాక మొదటిసారి నా చదువు ఎవరికో పనికొస్తోందని సంబరపడ్డాను.

నాకు జాకెట్లు కుట్టే ఆవిడ ఒకామె ఉంది. కర్మన్‌ఘాట్ గుడి వెనక సందులో చిన్న షాపు. నలభై దాటి ఉంటాయి. నా కొలతలు పుస్తకంలో చూడకుండానే చెప్పగలదు, నేను లావైన సంవత్సరాలతో సహా. భర్త బాటసింగారం పండ్ల మార్కెట్లో ట్రాలీ ఆటో నడుపుతాడు. ఆ మార్కెట్టుకు ఇంకాస్త అవతల వాళ్ళ ఊళ్ళో వాళ్ళకు ఎకరం పది గుంటల భూమి ఉంది. ఉంది అంటే, కొనుక్కున్నారు, దున్నుకుంటున్నారు, కాని రికార్డులో మాత్రం వాళ్ళ పేరు లేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆ ఊరి రైతు ఒకాయన దగ్గర తెల్లకాగితం మీద రాయించుకుని కొన్నారు. సాదా బైనామా అంటారు దాన్ని. ఆ పల్లెల్లో ఒకప్పుడు చాలామంది అలాగే కొనుక్కున్నారట. అమ్మినాయన పోయాడు. హైవే పక్కన భూమికి గిరాకీ పెరిగింది. ఆయన కొడుకులు ఇప్పుడు, "మా నాయన అమ్మిండని మాకు తెల్వదు" అంటున్నారు. ప్లాట్లు వేసేవాళ్ళతో మాట్లాడుకుంటున్నారని కూడా ఊళ్ళో చెప్పుకుంటున్నారు.

ఇలాంటి తెల్లకాగితం కొనుగోళ్ళ మీద పెండింగులో ఉన్న దరఖాస్తులను కొత్త చట్టం కింద మళ్ళీ తీసి చూస్తున్నారని నేనే ఆవిడకు చెప్పాను. వాళ్ళు కూడా అప్పట్లో ఒకటి పెట్టుకుని ఉన్నారు. ఆ వచ్చే ఆదివారమే కాగితాలన్నీ పాత చీర ముక్కలో చుట్టుకుని మా పార్కింగుకు వచ్చేసింది.

"షాపు కిరాయిది. ఇల్లు కిరాయిది. మాది అని చెప్పుకునేది గదొక్కటే మేడం. జర మంచిగ రాయుండ్రి" అంది కుర్చీ అంచున కూర్చుంటూ.

ఆరోజు లాయరు గారి చుట్టూ జనం ఉన్నారు. నా కుట్టుపని ఆవిడ కదా, నేనే రాస్తానని ముందుకొచ్చాను. ఆవిడ చెబుతూ పోయింది, నేను రాస్తూ పోయాను. ఎవరి దగ్గర కొన్నారు, కాగితం మీద సాక్షులెవరు, బోరు ఎప్పుడు వేశారు. అన్నీ చెప్పి, ఆఖరున కాస్త నిటారుగా కూర్చుని అంది: "ఇరవై ఏండ్ల సంది కబ్జా మాదే మేడం. గది గట్టిగ రాయుండ్రి. కబ్జా మాదే."

నా పెన్ను ఆగిపోయింది. కబ్జా అంటే నాకు తెలిసింది పత్రికలో చదివిన కబ్జానే. చెరువు కబ్జా, పార్కు కబ్జా, రాత్రికి రాత్రి గోడ కట్టేసే కబ్జాకోరులు. ఈ అమాయకురాలు తన నేరం తానే చెప్పుకుంటోందని నాకు నిజంగా భయం వేసింది.

"ఆ మాట అనకూడదమ్మా. కబ్జా చేశామని నువ్వే రాసిస్తే ఇంకేమన్నా ఉందా?" అన్నాను గొంతు తగ్గించి.

ఆవిడ నావంక అయోమయంగా చూసింది. "గట్లెట్ల మేడం? గదే కదా పెద్ద ముచ్చట?"

"కాదు. అది తప్పు మాట. నా మాట విను."

ఆవిడ ఒళ్ళోని కాగితాలు సర్దుకుంది. తర్వాత, "మీరు చదువుకున్నోళ్ళు. మీకు ఎరికుంటది" అంది.

అప్పటికే సగం రాసేసిన ఆ మాటను అడ్డగీత పెట్టి కొట్టేశాను. కొట్టివేత ఉన్న కాగితం ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు, అందుకని కొత్త కాగితం తీసుకుని మొత్తం తిరగరాశాను. ఆ వాక్యం ఉండాల్సిన చోట నా సొంత వాక్యం పెట్టాను. "ఆ నేలతో మా కుటుంబానికి రెండు దశాబ్దాలుగా విడదీయరాని అనుబంధం ఉన్నది." రాశాక దాన్ని రెండుసార్లు చదువుకున్నాను కూడా. ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. లాయరు గారు నా మీద నమ్మకంతో చదవకుండానే దాఖలు చేయించారు. ఇవాళ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

అంతటితో ఆగినా బాగుండేది. టీచరు బుద్ధి ఆగనిస్తుందా? విచారణ తేదీ వచ్చాక, ముందురోజు ఆవిడ షాపుకు వెళ్ళి పాఠం చెప్పాను. "రేపు ఆఫీసరు కబ్జా చేశారా అని అడిగినా అడుగుతాడు. తడబడకు. మేము కబ్జా చేయలేదు, మాకు కబ్జా లేదు అని స్పష్టంగా చెప్పు." మూడుసార్లు అనిపించాను. మూడోసారి ఒక్క తప్పు లేకుండా చెప్పింది. మెచ్చుకున్నాను.

విచారణ రోజు లాయరు గారికి కోర్టులో వేరే కేసు ఉంది. తేదీ మార్పించుకుందామా అని అడిగారు. "ఎందుకండీ, నేనున్నాగా. మీరు నిశ్చింతగా వెళ్ళండి" అన్నాను. ఇద్దరం ఆటోలో రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళాం. ఆఫీసులో ఇరవై మంది దాకా ఉన్నారు. అమ్మినాయన కొడుకులు కిటికీ పక్కన నిలబడ్డారు. మా పేరు పిలిచారు. ఆవిడ టేబులు ముందుకు వెళ్ళింది, నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను.

విచారణ చేసిన ఆఫీసరు మర్యాదస్తుడు. కాగితాలన్నీ ఓపిగ్గా తిప్పి చూశాడు. ఏ భూమి ఎవరిదో ఏటేటా రాసే పాత పహాణీ నకలు దగ్గర వేలు పెట్టి, "భూమి మీద కబ్జా ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"మేం కబ్జా చెయ్యలే సార్. మాకు కబ్జా లేదు."

ఆయన తలెత్తాడు. కిటికీ దగ్గర కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సోంచాయించి చెప్పమ్మా. నీకు కబ్జా ఉన్నదా, లేదా?"

ఆవిడ వెనక్కి తిరిగి నావంక చూసింది. నేను తల ఊపాను. క్లాసులో పిల్లలు పద్యం అప్పజెప్పేటప్పుడు ఊపినట్టే, చిన్నగా నవ్వుతూ ఊపాను.

"లేదు సార్" అంది.

ఆయన ఆ మాట రాసి, చదివి వినిపించి, సంతకం పెట్టించుకున్నాడు. బయటికొచ్చాక ఇద్దరం చెరకురసం తాగాం. పరీక్ష బాగా రాసిన పిల్లను తీసుకొస్తున్నట్టు ఉంది నాకు.

మూడు వారాల తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఆవిడ షాపు మూసుకుని, కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. నేను గట్టిగా చదివాను. తనకు భూమి మీద కబ్జా లేదని దరఖాస్తుదారు స్వయంగా వాంగ్మూలం ఇచ్చినందున దరఖాస్తు తిరస్కరించడమైనది.

నాకు ముందు ఆ ఆఫీసరు మీద మండిపోయింది. కబ్జా చేయలేదన్నందుకు తిరస్కరించడమేమిటి? చేశామంటే ఇచ్చేవాడా? ఇదేం న్యాయం, ఇదేం చట్టం అని అరుచుకుంటూ ఆవిణ్ణి మా ఇంట్లోనే కూర్చోబెట్టి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా మెట్లు దిగి లాయరు గారి తలుపు కొట్టాను.

ఆయన ఉత్తర్వు చదివారు. తర్వాత తన దగ్గరున్న ఆవిడ ఫైలులోంచి దరఖాస్తు నకలు తీశారు. మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ వెనక్కి తిప్పారు.

"కబ్జా ముచ్చట ఏది మేడం ఇందుల?"

"ఆవిడ చెప్పింది. నేనే తీసేశాను. కబ్జా చేశామని ఎవరైనా రాసిస్తారాండీ?"

ఆయన అదే ఫైలులోంచి పాత పహాణీ జిరాక్సు తీసి నా ముందు పెట్టారు. నేను స్వయంగా దరఖాస్తుకు పిన్ను కొట్టిన కాగితమే. కొట్టానే గాని చదవలేదు. అందులో పట్టాదారు అనే గడిలో అమ్మినాయన పేరుంది. దాని పక్క గడి మీద కబ్జాదారు అని ఉంది. కింద మా కుట్టుపని ఆవిడ పేరు.

"మేడం, మా తాతలకెల్లి కబ్జా అంటే చేతుల ఉన్నది అనే. భూమి ఎవరి చేతుల ఉన్నదో గాయన కబ్జాదారు. సర్కారు కాగితమే గట్ల రాసింది. పేపరోళ్ళు చేసిన్రు దాన్ని దొంగ మాట" అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మా వైపు దీన్నే స్వాధీనం అంటాం. మా నాన్న పొలం కాగితాల్లో ఆ మాట నేను చిన్నప్పుడే చూశాను. స్వాధీనం అని నాకు తెలిసిన సంగతిని ఇంకొక మాటతో ఆవిడ చెప్పింది. దాన్ని నేను నేరం అనుకున్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ఈ నేల మీద అన్నం తింటూ, ఈ నేల పిల్లలకే తెలుగు నేర్పుతూ, వాళ్ళ ఇళ్ళల్లో ఆ మాటకు అర్థమేమిటో ఒక్కరినైనా అడిగి తెలుసుకోలేదు.

"ఇప్పుడేం చేయాలండీ?" అన్నాను.

"మునుపైతే ఏం లేకుండె. సివిల్ కోర్టుల ఏసి కూసునేటోళ్ళం. ఇప్పుడు అప్పీలున్నది కదా. కాని ఒక్కటి. అప్పుడు లేదన్నది, ఇప్పుడు ఉన్నదంటున్నది అంటరు వాళ్ళు. గామె అట్ల ఎందుకు చెప్పిందో ఎవరన్న చెప్పాలె. మీరు చెప్తేనే నిలవడ్తది."

పైకి వెళ్ళాను. ఆవిడ నేను వదిలిపెట్టిన చోటే, సోఫా అంచున కూర్చుని ఉంది. నేను నిలబడే చెప్పాను. నా వల్ల పొరపాటు జరిగిందమ్మా, ఆ మాట ఉండాల్సింది, నేను తీసేసి ఉండకూడదు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. చట్టం గురించి, అప్పీలు గురించి, లాయరు గారు చెప్పిన ధైర్యం గురించి. ఆవిడ అన్నీ విన్నది.

"కొత్త చట్టంల గా మాట తప్పయిందేమో అనుకున్న మేడం" అంది. కొంచెం ఆగి, "సార్ రెండోపారి అడిగినప్పుడు నాకు డౌటొచ్చింది. మీ దిక్కు చూసిన. మీరు తల ఊపిన్రు."

అంతే అంది. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ రెండు మాటలు నాకు నెలల తరబడి వినపడుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత రోజులు బాగా గడవలేదు. ఉత్తర్వు సంగతి ఊళ్ళో తెలిసి, అమ్మినాయన కొడుకులు భూమికి ఒక మూల ప్లాట్ల హద్దుకు తెల్లరాళ్ళు పాతారు. ఆవిడ భర్త మార్కెట్ పని అయ్యాక తిన్నగా ఇంటికి రాకుండా రోజూ పొలం దాకా వెళ్ళి, ఇంకా రాళ్ళు పడ్డాయేమో చూసి వచ్చేవాడు. ఇవన్నీ నాకు లాయరు గారి ద్వారానే తెలిసేవి. ఆవిడ నాతో మాట్లాడడం మానేసిందని కాదు. షాపుకు వెళ్తే కూర్చోమనేది, టీ తెప్పించేది. పొలం సంగతి మాత్రం నా దగ్గర ఎత్తేది కాదు. నేను కూడా అడగలేకపోయేదాన్ని.

అప్పీలుకు నేను ఇవ్వాల్సిన వాంగ్మూలం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటిసారి రెండు పేజీలు రాశాను. ఒకే మాటకు ప్రాంతాన్ని బట్టి అర్థాలు మారడం గురించి, ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చిన పదాల గురించి, పత్రికాభాష గురించి. లాయరు గారు చదివి, పెన్ను తీసుకుని, ఒకటిన్నర పేజీ అడ్డంగా కొట్టేశారు. నేను టీచరయ్యాక నా రాత మీద ఇంకొకరి పెన్ను పడటం అదే మొదలు.

"గిదంత మీ మీద తప్పు లేదని చెప్పుడే మేడం" అన్నారు. "ఏం జరిగిందో గదొక్కటి రాయుండ్రి."

ఆయన అన్నది నిజమే. ఆ రెండు పేజీల్లో నేను ఆవిడ భూమిని కాపాడటం లేదు, నన్ను నేను కాపాడుకుంటున్నాను. మళ్ళీ రాశాను. నాలుగు వాక్యాలు వచ్చాయి. దరఖాస్తుదారు కబ్జా తనదేనని నాతో చెప్పింది. ఆ మాటకు అర్థం నాకు తెలియదు. నేను దాన్ని తీసేశాను. విచారణలో కబ్జా లేదని చెప్పమని ఆమెకు నేర్పింది నేనే.

అప్పీలు విన్నది నడివయసు ఆఫీసరు ఒకావిడ. ఈసారి లాయరు గారు పక్కనే ఉన్నారు. ఊరి నుంచి పక్క పొలాల రైతులు ఇద్దరు వచ్చారు, మా కుట్టుపని ఆవిడ భర్త వాళ్ళను ట్రాలీలో తీసుకొచ్చాడు. అమ్మినాయన కొడుకుల తరఫు లాయరు ముందుగా లేచి, అప్పుడొక మాట ఇప్పుడొక మాట చెప్పే మనిషిని నమ్మడానికి లేదన్నాడు. నేను ఊహించిందే. అయినా ఆవిడను అబద్ధాలకోరు అంటుంటే వినలేకపోయాను.

ఆఫీసరు నా వాంగ్మూలం చదివి నన్ను ముందుకు రమ్మంది.

"ఇది మీరే రాశారా?"

"అవునండీ."

"ఏం చేస్తుంటారు?"

"టీచరుగా చేసి రిటైరయ్యానండీ."

"ఏం సబ్జెక్టు?"

ఆ గదిలో కనీసం పదిహేను మంది ఉన్నారు. "తెలుగు" అన్నాను.

ఆవిడ కాగితం మీంచి తల ఎత్తింది. "ఎక్కడ?"

"ఇక్కడేనండీ. దిల్‌సుఖ్‌నగర్‌లోనే. ముప్పై నాలుగేళ్ళు."

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. నేను చెప్పినదంతా రాసుకుని, కూర్చోమంది.

తర్వాత మా కుట్టుపని ఆవిడను పిలిచింది. లాయరు గారు ఏదో చెప్పబోతే చేత్తో ఆపి, "ఆమెనే చెప్పనీయండి" అంది. "చెప్పమ్మా. ఆ భూమి సంగతి నీకు తెలిసినట్టు చెప్పు."

ఆవిడ ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. "కబ్జా మాదే అమ్మా" అని మొదలుపెట్టింది. మొదటి ఏడు కంది వేసింది ఏ దిక్కున, తర్వాత బెండ ఎక్కడ, రాళ్ళు ఏరి గెట్టు మీద పోసింది ఎవరు, బోరులో నీళ్ళు ఎండితే ఎన్ని వానాకాలాలు జొన్నతో సరిపెట్టుకున్నారు, గెట్టు పక్క రైతు ఎద్దు పడ్డ గుంత ఏ మూలన ఉంది. ఆ రైతు పక్కనుంచి, "అవునమ్మా, నా ఎద్దే" అన్నాడు. అందరూ నవ్వారు, ఆఫీసరు కూడా. ఎవరూ ఆవిడకు ఏమీ నేర్పలేదు. నేను రాసిన అనుబంధం అనే మాట ఆ ఇరవై ఏళ్ళలో ఎక్కడా పట్టే మాట కాదని ఆ బెంచీ మీద కూర్చుని విన్నాను.

చట్టాలతో ఏమీ మారదని నేనెప్పుడూ అనేదాన్ని. ఇప్పుడు అలా అనను. ఆ ఇంకో మెట్టు లేకపోతే నేను చేసిన పని అక్కడితో ఖాయమైపోయేది, ఆవిడ పిల్లలు కూడా కోర్టు చుట్టూ తిరిగేవాళ్ళు. అదే సమయంలో ఇంకొకటి కూడా అనిపిస్తుంది. ఎంత మంచి చట్టం వచ్చినా, అది మనిషి నోటి నుంచి కాగితం మీదికి వెళ్ళే దారిలో నాలాంటి వాళ్ళు ఒకరు కూర్చునే ఉంటాం, సాయం చేద్దామని. మా కోసం ఏ చట్టంలోనూ సెక్షను ఉండదు. నేను దొంగతనం చేయలేదు, అబద్ధం ఆడలేదు, ఆవిడ బాగు కోరాను. ఆ బాగు కోరడంలోనే ఆవిడ భూమి చేజారబోయింది. ఇది ఎన్నిసార్లు ఆలోచించినా నాకు సర్దుకోదు.

రెండు నెలలకు ఉత్తర్వు వచ్చింది. లాయరు గారు నకలు తెచ్చి, "మీరే పోయి చెప్పుండ్రి మేడం" అని నా చేతిలో పెట్టారు. అదే రోజు మధ్యాహ్నం కర్మన్‌ఘాట్ వెళ్ళాను. ఆవిడ మిషను మీద ఉంది. నన్ను చూసి, చేతిలో కాగితం చూసి, మిషను ఆపింది.

"చదువుండ్రి" అంది.

చదివాను. పాత రికార్డులను, పొరుగు రైతుల వాంగ్మూలాలను పరిశీలించిన మీదట, సదరు భూమి అప్పీలుదారు కబ్జాలోనే ఉన్నట్టు రుజువైనందున, ముందటి ఉత్తర్వును రద్దు చేస్తూ, ఆమె పేరు రికార్డులో ఎక్కించవలసిందిగా ఆదేశించడమైనది.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. భర్తకు ఫోను చేసింది, అతను ఎత్తలేదు, మార్కెట్టులో రద్దీగా ఉండి ఉంటుంది. ఫోను పక్కన పెట్టి, "గా ఒక్క లైను ఇంకోపారి చదువుండ్రి" అంది. చదివాను.

"గిది నా మాటే కదా మేడం? ఫస్టు దినం నేను మీకు చెప్పిన మాటే?"

"అవునమ్మా. నీ మాటే."

"మరి మీరు ఎందుకు కొట్టేసిన్రు?"

కోపంతో అడగలేదు. ఇన్నాళ్ళూ అడుగుదామని ఆగి, పని అయ్యాక అడుగుతున్నట్టుగా ఉంది. ఆఫీసరుకు రాసిచ్చాను, లాయరు గారికి చెప్పాను, కాని ఆ మాటకు అర్థం నాకే తెలియదన్న సంగతి ఆవిడకే నేను ఎప్పుడూ సూటిగా చెప్పలేదని అప్పుడు తట్టింది.

"అర్థం తెలియక, అది తప్పు మాట అనుకున్నానమ్మా" అన్నాను.

ఆవిడ ఉత్తర్వు నా చేతిలోంచి తీసుకుంది.

"తప్పు మాటైతే నేనెందుకు చెప్త మేడం?" అంది.

ఆవిడ మళ్ళీ భర్తకు ఫోను కలిపింది.